పన్నెండు తీగలకు గ్రీజు

పంతొమ్మిదొందల అరవై ఏడు ప్రాంతంలో, పెళ్లైన కొత్తలో, నేను బెల్లంపల్లి బొగ్గు గనిలో ఫిట్టర్ని. మనుషుల్ని కిందికి దింపే ఇనుప తాడును చూసుకోవడం నా పని. ఓరోజు మా ఇంజనీరు సారు తన పన్నెండు తీగల కరెంటు గిటారుకు కొత్త తీగలు వేయమన్నారు. పక్కపక్కనే రెండేసి తీగలు, ఆరు జంటలూ శ్రద్ధగా బిగించాను. గనిలో కొత్త తాడుకు చేసినట్టే అన్నిటికీ గ్రీజు కూడా పట్టించాను.

సాయంత్రం క్లబ్బులో గనివాళ్లందరి ముందూ వాయించబోతే సారు వేళ్లు జారిపోయాయి. గిటారు మూలిగింది.

"తుప్పు వట్టొద్దని గ్రీజు వెట్టిన సారూ" అన్నాను.

అందరూ గొల్లున నవ్వారు. నాతో వచ్చిన నా భార్య తల దించుకుంది.

సారు నల్లబడిన వేళ్లు పైకెత్తి చూపించారు. "నవ్వకుండ్రి. రోజు మనం పానాలతోని పైకొస్తున్నమంటే, గీయన తాడుకు గ్రీజు వెట్టవట్టే."

నవ్వులు ఆగిపోయాయి. రిటైరయ్యేదాకా గ్రీజు డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ఆ వేళ్లే గుర్తొచ్చేవి.