లారీకి తుమ్మకర్ర బుష్షులు

మా చిన్నప్పుడు... ఇబ్రహీంపట్నంలో మా వాకిట్లో రెండు మేకలు, ఒక కోళ్ల గంప, ఒక లారీ ఉండేవి. మేకలూ కోళ్లూ మావి. లారీ సావుకారుది. నడిపేది మా బాపు, చెడితే బాగుచేసేదీ ఆయనే. సావుకారు మేకు కొనాలన్నా ముహూర్తం చూసే రకం.

రజాకార్ల రోజులవి... నాకు ఏడో ఎనిమిదో ఏళ్లు. ఒకరోజు బాపు లారీ ముందు భాగాన్ని మొద్దుల మీదికెత్తి చక్రాలు రెండూ విప్పేశాడు. ముందు చక్రం అటూ ఇటూ తిరగడానికి లోపల ఒక లావుపాటి ఇనుప కడ్డీ ఉంటుంది, కింగ్ పిన్ అంటారు. దాని చుట్టూ ఇత్తడి తొడుగు, అదే బుష్. ఆ బుష్షులు అరిగి కాగితాల్లా అయ్యాయి. బాపు స్టీరింగు ఒకవైపు తిప్పితే బండి తన ఇష్టమొచ్చిన వైపు పోయేది. బరువు మోసే కమాన్ పట్టీ, అంటే స్ప్రింగు బద్ద, విరిగితే తీగ చుట్టి ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ, బుష్షులకు తీగ చుట్టలేం కదా.

పట్నంలో అడిగితే సామాను లేదన్నారు. నిజాం రాజ్యం సరిహద్దులు మూసేశారు, బయటి నుంచి ఏదీ రావడం లేదు. మా ఊళ్లో ఇత్తడి సామాన్లు చేసే కంచరి మామ మాత్రం పాత ఇత్తడి ఉంటే కరిగించి బుష్షులు పోసిస్తానన్నాడు.

ఇత్తడి ఎక్కడిది? దోపిడీల భయానికి ఊళ్లో అందరూ బిందెలూ గంగాళాలూ మట్టిలో పాతేసి, కుండల్లో వండుకుంటున్నారు. ఉన్నవాళ్లు కూడా లేనివాళ్ల వేషం కట్టిన కాలం.

"ఏమే, నీ పెండ్లి గంగాళం ఏది?" అన్నాడు బాపు అమ్మతో.

"మా అమ్మగారింట్ల పెట్టిచ్చిన."

"ఎప్పుడు?"

"నువ్వు లేనప్పుడు."

బాపు మళ్లీ అడగలేదు. ఆ గంగాళం మా ఇంటి వెనక జొన్నల పాతరలో ఉంది. అమ్మ దాన్ని పాతిపెడుతుంటే నేను పక్కనే ఉన్నాను.

ఎందుకు అబద్ధమాడిందంటే... రజాకార్ల తుపాకులవాళ్లు అంతకుముందే వచ్చి చెప్పిపోయారు. లారీ తయారుకాగానే వాళ్ల మనుషుల్ని ఎక్కించుకుని ఊళ్ల మీదికి పోవాలి, బాపే నడపాలి. అలాంటి బండ్ల కోసం రజాకార్లతో పోరాడే అవతలివాళ్లు దారిలో కాపు కాసేవాళ్లు. మొదటి గుండు డ్రైవరుకే.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అమ్మ నాకు చెప్పింది. "నోరు తెరిచినవంటే ఊకోను. ఇత్తడి లేకుంటే బండి లేవది. బండి లేవకుంటే మీ బాపు ఇంట్ల ఉంటడు."

నిజంగానే ఉన్నాడు. ఎప్పుడూ సడక్ మీదే ఉండే మనిషి ఆ కొన్నాళ్లూ మాతో కూర్చుని అంబలి తాగాడు. గ్రీజు చేతులతో నాకు జడ వేస్తే అమ్మ తిట్టింది, తిడుతూనే నవ్వింది. నేను అంత సంతోషంగా మళ్లీ ఎప్పుడూ లేను.

ఒక పొద్దున తుపాకులవాళ్లు మళ్లీ వచ్చారు. వాళ్ల పెద్ద చక్రాలు విప్పిన ఇరుసును బూటుతో తన్నాడు.

"రేపు గాడీ కదలాలె. లేకుంటే నువ్వు కదలవు."

"ఇత్తడి దొరుకుతలేదు సాబ్. బుష్షు లేంది స్టీరింగు నిలవది."

"కట్టెతోని చెయ్."

బాపు పాత ఎడ్లబండి ఇరుసు ముక్క తెచ్చాడు, చేవదేరిన తుమ్మకర్ర. దాన్ని గొట్టాల్లా తొలిచి ఆముదంలో కాచాడు. ఆముదం ఇచ్చింది అమ్మే. ఇప్పుడు గంగాళం బయటపెడితే దాచినందుకు బాపును అక్కడే చంపేస్తారని భయపడింది. కట్టె బుష్షులతో లారీ ఊరు దాటకుండానే కూలబడుతుంది, బాపు నడుచుకుంటూ ఇంటికొస్తాడు అనుకుంది. ఈ మాట చాలా ఏళ్ల తర్వాత తనే నాతో చెప్పింది.

బాపు చక్రం ఊపి చూసి, "మెల్లగ పోతే కట్టె తట్టుకుంటది బిడ్డా" అన్నాడు నాతో.

తుమ్మకర్ర అమ్మ అనుకున్నదానికన్నా గట్టిది. లారీ ఊరు దాటింది. కోహెడ వైపు వాగు దిగేదాకా కట్టె తట్టుకుంది. అక్కడ, మెల్లగా పోనివ్వకుండా వెనక నిలబడ్డవాళ్లు క్యాబిన్ మీద బాదుతుంటే, ఎడమ చక్రం అడ్డం తిరిగింది. లారీ వాగులోకి ఒరుగుతుంటే పైనున్నవాళ్లు దూకేశారు. స్టీరింగు పట్టుకున్న మనిషి ఎక్కడికి దూకుతాడు?

బాపు శవాన్ని ఎడ్లబండి మీద తెచ్చారు. అమ్మ ఏడవలేదు. అమ్మ ఏడవకపోతే నేనూ ఏడవలేదు... తర్వాత ఏడుద్దామన్నా రాలేదు. ఇప్పటికీ ఇది రాస్తుంటే వేరే ఎవరింట్లోనో జరిగినట్టే ఉంది.

ఎక్కువ కాలం పట్టలేదు, పోలీసు యాక్షన్ అయింది. హయత్‌నగర్ సడక్ మీద యూనియన్ ఫౌజు వస్తోందని ఊరంతా చూడ్డానికి ఉరికింది. ఆ వారమే ఇంటింటా తవ్వి ఇత్తడి సామాన్లు బయటికి తీశారు. చింతపండుతో తోమి వాకిళ్లలో బోర్లించారు. పక్కింటి అక్క అమ్మను అడిగింది, "నీ గంగాళమేది వదినా?" అని.

"మా అమ్మగారింట్ల ఉన్నది" అంది అమ్మ.

బతికినన్నాళ్లూ అదే మాట. మేం తవ్వలేదు. ఆ ఇల్లు పోయింది, ఇప్పుడక్కడ ప్లాట్లున్నాయి.

మొన్న మా మనవడి కారు ముందువైపు కటకటమంది. పొద్దున ఇస్తే సాయంత్రానికి బుష్షులు, టై రాడ్లు, అన్నీ కొత్తవి వేసి ఇచ్చేశారు. "చూసినవా నానమ్మా, ఎంత జల్ది అయిందో" అని మురిసిపోయాడు. మంచిదే నాయనా అన్నాను. తెల్లారి నేను లేచేసరికి వాడు డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఇప్పుడు బండ్లు ఒక్క పూట కూడా ఆగడం లేదు... మీ ఇంట్లో ఎప్పుడైనా బండి చెడిపోయి, మీ మనిషి ఇంటిపట్టున ఉండిపోయిన రోజు ఒకటి ఉంటే రాయండి. ఆ రోజు ఏం వండుకున్నారు, ఏం మాట్లాడుకున్నారు... అన్నీ రాయండి. నేను చదువుతాను.