పేర్లు పోయిన గొంతులు

పక్కవాళ్ల మాటలు వినడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. బస్సులో వెనక సీటువాళ్లు పెళ్లి సంబంధం గురించి మాట్లాడుకుంటుంటే, అది కుదిరిందో లేదో తేలేదాకా నా స్టాపు వచ్చినా దిగబుద్ధి కాదు. ఇంట్లో ఎన్ని తిట్లు తిన్నా ఆ జబ్బు పోలేదు. చివరికి అదే నాకు ఉద్యోగంలో పనికొచ్చింది. కడపలో ఒక కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ల గది చూసుకుంటాను. ఆ గదిలో పుస్తకాల స్కానులతో పాటు మనుషుల గొంతులు కూడా ఉండేవి.

మా కాలేజీలోనే తెలుగు చెప్పి రిటైరైన ఒక సారు స్కూటరేసుకుని కడప, కర్నూలు పల్లెలు తిరిగి ఆ గొంతులు తెచ్చారు. అన్నీ ఆడవాళ్లవే. పెద్ద పెద్ద విషయాలేమీ కావు. సంగటి ఎలా కెలుకుతారు, బావి ఎప్పుడు ఎండింది, అత్తతో పేచీ ఎందుకొచ్చింది, ఇలాంటివే. ఊరి నుంచి రాగానే ఎవరిది, ఏ ఊరు అనే వివరాలతో సహా మా సర్వర్లోకి ఎక్కించేవారు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకునేవారు కాదు. "కాగితానికి చెదలు పడతాయమ్మా, దీనికి పట్టవు" అనేవారు. ఆయన కాలం చేసి కొన్నేళ్లయింది. అప్పుడప్పుడు పరిశోధన చేసే పిల్లలు వచ్చి వినేవాళ్లు. వాళ్లు రాని రోజుల్లో నేనే వినేదాన్ని. నాకు వేరే కాలక్షేపం అక్కర్లేదు.

ఆ సర్వర్ ఎలా పోయిందో చెబితే మీరు నవ్వుతారు. నేను ఇప్పటికీ నవ్వలేను.

ఆయుధపూజ రోజు మా దగ్గర పనిముట్టన్నదానికల్లా సెలవు. కుట్టుమిషను కుట్టదు, ట్రాక్టరు దున్నదు, అమ్మవారి ముందు పెట్టిన పుస్తకం తెరవరు. మా లైబ్రరీ పెద్దసారుకు ఇందులో పట్టింపు ఎక్కువ. ప్రతి కంప్యూటరుకూ పసుపు రాయించి, కుంకుమ పెట్టించి, గుమ్మడికాయ కొట్టించి, సర్వర్ దగ్గరికొచ్చి ఆగారు.

"ఇది ఎప్పుడూ నడుస్తానే ఉంటాది గదమ్మా. దీనికి మాత్రం ఒక్కరోజు విశ్రాంతి వద్దా?"

"దాన్ని ఆపకూడదు సార్."

"ఎద్దుక్కూడా ఇస్తామే తల్లీ!"

ఆపించారు.

పండగ తర్వాత మీట నొక్కితే అది లేవలేదు. దీపాలు వెలుగుతున్నాయి గానీ లోపల ఏదో టిక్కు టిక్కుమంటోంది. కొన్న రోజు నుంచీ ఆగకుండా తిరిగిన డిస్కు, ఒక్కసారి చల్లబడేసరికి మొండికేసింది. నేను పెద్దగా కంగారుపడలేదు. అందులో డిస్కులు రెండు. ఒకదానిలో ఏది పడితే రెండోదానిలోనూ అదే పడుతుంది. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని మా ధీమా. ఏదైనా చెడితే దాని ముందు చిన్న ఎర్రదీపం వెలగాలి. రెండోదానికి వెలగలేదు కదా అనుకుంటూ వంగి చూశాను. అసలు దీపమే కనిపించలేదు. అది ఉండాల్సిన చోట నిరుటి పసుపూ కుంకుమా గట్టిపడి ఉన్నాయి. గోటితో గీకాను. కింద నుంచి ఎర్రగా వెలుగొచ్చింది.

ఆ రెండో డిస్కు ఎప్పుడు చచ్చిపోయిందో దేవుడికే తెలియాలి. అది మమ్మల్ని పిలుస్తూనే ఉంది, మేము దాని నోటి మీద బొట్టు పెట్టి దండం పెట్టాం. ఆ బొట్టు ఎవరు పెట్టారో ఇప్పటికీ తేలలేదు. కుంకుమ గిన్నె పట్టుకుని తిరగనివాళ్లు ఆ రోజు మా లైబ్రరీలో లేరు. "అమ్మవారికి కోపమొచ్చినట్టుందమ్మా" అన్నారు పెద్దసారు. అమ్మవారి సంగతేమో గానీ నాకు మాత్రం వచ్చింది. ఇప్పుడైతే బొట్టు పక్కనున్న రేకు మీద పెడుతున్నాం, ఇంకో కాపీ వేరే బిల్డింగులో దాస్తున్నాం. అప్పుడు ఆ బుద్ధి లేదు.

డిస్కులు రెండూ బెంగళూరు పంపించాం. పోయిన డేటాను బయటికి తీసేవాళ్లు అక్కడ ఉన్నారు. అవి ఇంకా అక్కడ ఉండగానే ఆమె వచ్చింది.

వేంపల్లె నుంచి వచ్చింది. ముప్పై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు వేసుకునే ఉంది. అక్కడ బజార్లో జాకెట్లు కుట్టే అంగడి ఉందట. తలుపు దగ్గరే నిలబడి అడిగింది.

"మేడం, మా ఇంటికి ఒగ సారు వచ్చి, మాయమ్మ మాట్లాడేది రికార్డు చేసుకొని పోయినాడు. అది ఈడనే ఉంటాదంట గదా?"

"ఎప్పుడమ్మా?"

"శానా ఏండ్లాయ. నాకు పెండ్లి గాలేదప్పుడు."

ఇప్పుడెందుకని అడిగాను. అడగకుండా ఉండలేను కదా.

"మాయమ్మకు పక్షవాతం వచ్చిండాది మేడం. కుడిపక్క పడిపోయింది. మాట ల్యాదు. ఏడాది దాటిపాయ." ఫోను తీసి నాకు చూపించింది. "ఫోన్లో ఇన్ని వీడియోలుండాయి. పిల్లోళ్లు ఎగిరేవి, పెండ్లిండ్లవి. ఒగదాంట్లో గూడా మాయమ్మ మాట్లాడలే. అందురూ తింటాంటే వడ్డిస్తా ఉంటాది, అంతే."

ఆ రాత్రి ఇంటికెళ్లి నా ఫోన్ వెతికాను. మా అమ్మ కూడా అంతే, ప్రతి వీడియోలోనూ గరిట పట్టుకుని పక్కకి తప్పుకుంటోంది.

ఆమె వెళ్లేముందు, మిషను చెడిపోయిందని, రిపేరుకు పంపామని చెప్పాను. "మిషనే గదా మేడం, బాగైతాది" అంది ఎంతో నమ్మకంగా. రోజూ మిషన్లతో పనిచేసే మనిషి మాట కాబట్టి నేనూ నమ్మాను.

బెంగళూరు నుంచి తిరిగొచ్చింది ఒక కొత్త డిస్కు. గొంతులు దాదాపు అన్నీ వచ్చాయి. పేర్లు రాలేదు. ఎందుకు రాలేదని అక్కడి కుర్రవాడిని ఫోన్లో ఎంత విసిగించానో! గొంతులు ఒకచోట ఉంటాయట, ఏ గొంతు ఎవరిదో చెప్పే వివరాలు వేరేచోట. ఆ వేరేచోటే గీతలు పడ్డాయి. పైగా చాలా రికార్డింగులకు మొదలు తెగిపోయింది. సారు పేరూ ఊరూ అడిగేది మొదట్లోనే కాబట్టి సరిగ్గా ఆ ముక్కే లేదు. ఇప్పుడు ఒక్కో ఫైలుకు పేరు బదులు పొడుగాటి నంబరు. చీటీలూడిపోయిన పోపుడబ్బాల్లాగా వరసగా ఉన్నాయి. మూత తీసి వాసన చూస్తే తప్ప ఏది ఏదో తెలియదు.

పెద్దసారు తల పట్టుకున్నారు. నాకు మాత్రం, సిగ్గు విడిచి చెబుతున్నాను, లోపల్లోపల పండగలా ఉంది. ఇన్ని గొంతులు, ఎవరివో తెలియవు, కనిపెట్టాలి! ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నాను. వెనక బండలు కోసే మిషను రొద వినిపిస్తే కమలాపురం, ఎర్రగుంట్ల దిక్కు అనుకునేదాన్ని. డబ్బుల్ని దుడ్లంటే ఆదోని పక్క పల్లె. శ్రీశైలం డ్యాము నీళ్లలో ఊరు మునిగిపోయిన ఒక ముసలావిడ, "మా ఇల్లు యాడికీ పోలేదు నాయనా, ఆడనే ఉండాది. లోపల చేపలు కాపరం చేస్తాండాయి" అంటోంది. ఆవిడ నవ్విన తీరుకు నాకు ఏడుపొచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది సారు అడిగే ఒక ప్రశ్న. మాటలు కాస్త కుదిరాక ఎవరినైనా సరే, "మీ ఆయన పేరేందమ్మా?" అనేవారు. అంతే, అప్పటిదాకా గలగలా మాట్లాడిన మనిషి ఠక్కున ఆగిపోతుంది. మొగుడి పేరు నోటితో చెప్పే ఆడది ఆ తరంలో ఎక్కడుంది? ఒకామె "ఏడుకొండలాయన పేరే" అని తప్పించుకుంటుంది. ఒకామె "మా పిల్లోళ్ల నాయన" అని ఊరుకుంటుంది. ఇంకొకామె పక్కింటి మనిషిని కేకేసి చెప్పిస్తుంది. సారుకు ఈ సంగతి తెలియదా? తెలిసే అడిగేవారని నా అనుమానం. ఆ నవ్వులు వినడానికే అడిగేవారు.

వేంపల్లె ఆమెకు కబురు పెట్టాను. అంగడికి సెలవు పెట్టి వచ్చింది. వేంపల్లె పక్క యాసలా నా చెవికి తోచినవన్నీ వేరు చేసి పెట్టాను. ఒక్కోటి కొద్దిగా వినడం, కాదని తల ఊపడం. మధ్యాహ్నానికి అన్నీ అయిపోయాయి. ఒక్కటీ ఆమె అమ్మది కాదు. ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది.

"మాయమ్మది ఈటిల్లో ల్యాదేమో మేడం. ల్యాకుంటే... నేనే మాయమ్మ గొంతు మర్సిపోయినానేమో."

ఆ మాట అని నా వైపు చూసింది. అమ్మ మాటలు పోవడం ఒక ఎత్తు. కూతురి చెవిలోంచి కూడా పోవడం ఇంకో ఎత్తు. ఇందాకటి దాకా నేను ఆటలాడుకున్న ఆ నంబర్ల మీద నాకు అసహ్యం పుట్టింది.

టీ తెప్పించాను. తాగుతుండగా ఊరికే అడిగినట్టు అడిగాను. "మైకు ముందు మీ అమ్మ మామూలుగానే మాట్లాడిందా?"

"యాడ మేడం! సారు ముందర మెత్తగా, కొత్తకోడలు మాదిరి మాట్లాడింది. నాకు లోపల నవ్వొస్తానే ఉన్నింది."

మెత్తటి గొంతులే పొద్దుటి నుంచీ మేము విన్నవన్నీ. ఏ అమ్మ అయినా సారు ముందు తన గొంతుతో మాట్లాడదు. మరి ఆమె అసలు గొంతు ఎక్కడ బయటపడుతుంది? నాకు సారు అడిగే ఆ ప్రశ్న గుర్తొచ్చింది.

"మీ నాన్న పేరు సారు అడిగితే ఎవరు చెప్పారు?"

ఆమె గ్లాసు పట్టుకుని ఆలోచించింది. ముఖం మెల్లగా విచ్చుకుంది.

"నేనే మేడం! లోపల మిషను తొక్కతాండా. మాయమ్మ ఎంతసేపటికీ చెప్పకపాయ. నేనే గట్టిగా అరిచి చెప్పినా!"

ఇక మొదట్లో మాటలు వదిలేసి ప్రతి ఫైలులోనూ ఆ ప్రశ్న దగ్గరికే వెళ్లాం. ఒకచోట ఎవరో ముసలాయన చెప్పాడు, ఒకచోట పిల్లలంతా కోరస్‌గా చెప్పారు. పొద్దున ఆమె కాదని తల ఊపిన వాటిలోనే ఒకటి పెట్టాను. సారు గొంతు, "మీ ఆయన పేరేందమ్మా?" తర్వాత నిశ్శబ్దం. గాజులు కదిలిన చప్పుడు. సన్నటి నవ్వు. ఎక్కడో వెనక టకటకమని కుట్టుమిషను. అది ఆగింది. ఒక పడుచుపిల్ల గొంతు ఇల్లెగిరిపోయేలా ఒక పేరు అరిచింది. వెంటనే మెత్తటి గొంతు కాస్తా మారిపోయి, "ఎందుకే అంత గట్టిగా అరుస్తావు? ఈదంతా ఇనిపిస్తాంది!" అని కసిరింది.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "మాయమ్మ!" అంది. "తిడతాండాది చూడు మేడం, మాయమ్మే!"

నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. ఆ తిట్టును పదేపదే పెట్టించుకుని వింది. వాళ్ల నాన్న చనిపోయారని, పోయాక ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకలేదని అప్పుడు చెప్పింది. ఆ పేరేమిటో ఇప్పుడు నాకూ తెలుసు. ఆ ఇంటి ఇల్లాలే చెప్పని పేరు నేనెందుకు రాస్తాను?

రికార్డింగు ఆమె ఫోన్లోకి ఎక్కించి పంపేయాలి. నా పని అంతే. కానీ ఆ అమ్మ విన్నప్పుడు ఏమవుతుందో చూడకుండా ఉండడం నా వల్ల కాలేదు. ఆ వారంలోనే వేంపల్లె బస్సెక్కాను.

మంచం వసారాలో వేసి ఉంది. ఆవిడ దిండ్లకు ఆనుకుని కూర్చుంది. ముఖం ఒకవైపు జారినా కళ్లు మాత్రం చురుగ్గా ఉన్నాయి. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. నా జబ్బు ఈవిడకూ ఉందనిపించి నాకు వెంటనే ఇష్టం కలిగింది. కూతురు ఫోను మంచం మీద పెట్టి నొక్కింది.

తన గొంతే బావి గురించి, నీళ్ల గురించి మాట్లాడుతుంటే ఆవిడ కదలకుండా వింది. ఎవరో ఇరుగింటామె చెబుతుంటే విన్నట్టే వింది. ముఖంలో ఏమీ లేదు. కూతురి ముఖం వాడిపోయింది. నాకూ, ఎందుకొచ్చానా అనిపించింది.

అప్పుడు ఫోన్లో సారు అడిగారు. "మీ ఆయన పేరేందమ్మా?"

ఆవిడ ఎడమచెయ్యి లేచింది. తడుముకుంటూ కొంగు అందుకుంది. నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక భుజాలు ఊగుతున్నాయి. ఫోన్లో నిశ్శబ్దం, గాజుల చప్పుడు. ఆవిడ తల తిప్పి కూతురి కేసి చూసింది. నువ్వు చెప్పు అన్నట్టు చూసింది.

కూతురు గొంతు సవరించుకుంది. ఫోన్లో ఉన్న పిల్ల అరవక ముందే వాళ్ల నాన్న పేరు గట్టిగా, వీధంతా వినపడేలా చెప్పింది.