పాసుకు గడి లేదు

నాకు కోపం ఎక్కువ. మా ఆవిడని అడిగినా, కొట్లో పనిచేసేవాళ్ళని అడిగినా ఇదే చెబుతారు. బాస్కెట్‌బాల్ చూసేటప్పుడైతే మరీను. ఏలూరులో మాది చేపల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్లకు స్పేర్ పార్టులు అమ్మే కొట్టు. తొమ్మిదింటికి షట్టరు తీయాలి. ఆలోపు, పొద్దున్నే లేచి, అమెరికాలో ఆడే ప్రొఫెషనల్ మ్యాచ్‌లు ఫోన్లో చూస్తాను. పక్కన కాఫీ చల్లారిపోతుంటే "ఆ బంతేదో మీకు టిఫిను కూడా పెడుతుందేమో అడగండి" అని మా ఆవిడ విసుక్కుంటుంది.

చూసి చూసి నాకు అర్థమైందేమిటంటే అక్కడ ప్రధానంగా రెండు రకాల ఆటలున్నాయి. ఒక రకంలో బంతంతా ఒక్కడిదే. ఒక పొడుగువాడొచ్చి అవతలి జట్టువాడికి అడ్డంగా నిలబడతాడు, ఆ సందులోంచి ఈ ఒక్కడూ దూసుకెళ్ళి బాస్కెట్ వేస్తాడు. మిగతా ముగ్గురూ మూలల్లో పిలవని పేరంటానికి వచ్చినట్టు నిలబడి ఉంటారు. కోచ్ గీత పక్కనే నిలబడి వేళ్ళతో సైగలు చేస్తూ, అరుస్తూ, ప్రతి ఎత్తూ తనే వేస్తాడు. రెండో రకంలో ఐదుగురూ కదులుతూనే ఉంటారు. బంతి ఎవరి చేతిలోనూ రెండు క్షణాలు ఆగదు. నీకు సందు దొరికినా, నీకంటే మంచి సందులో ఉన్నవాడికి ఇచ్చెయ్యాలి. కోచ్ నేర్పాల్సిందంతా సాధనలోనే నేర్పేసి మ్యాచ్ రోజున నోరు మూసుకుని కూర్చుంటాడు. మొదటిది చూస్తే నాకు ఒళ్ళు మండేది. రెండోది చూస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. సిగ్గెందుకు, నిజంగానే తిరిగేవి.

కాలేజీలో ఆడినవాణ్ణి కదా, మా పేటలోని హైస్కూల్ ఆడపిల్లల జట్టుకు నేర్పమని హెడ్మాస్టరుగారు అడిగితే ఎగిరి గంతేశాను. సాయంత్రాలు కొట్టు తమ్ముడికి వదిలేసి గ్రౌండుకు పోయేవాణ్ణి. రెండో రకం ఆటే నేర్పుతానని మొదటిరోజే పిల్లల ముందు పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. వాళ్ళకు సగం అర్థం కాలేదు. ఒక్క పిల్లకు మాత్రం అంతా అర్థమైంది.

ఆ పిల్లది పదో తరగతి. కొల్లేరు అంచున ఉన్న ఊరి నుంచి బస్సులో వచ్చేది. జట్టులో అందరికన్నా పొట్టి. కానీ ఎవరు ఎటు కదలబోతున్నారో వాళ్ళకంటే ముందే ఆ పిల్లకు తెలిసిపోయేది. అటు చూస్తూ ఇటు బంతి వేసేది, అది సరిగ్గా పరిగెత్తే పిల్ల చేతుల్లోకే వెళ్ళి పడేది. అలా వేయడం నేను నేర్పింది కాదు, నాకూ రాదు.

ఒకరోజు వాళ్ళ నాన్న బేరింగు కోసం కొట్టుకొచ్చాడు. చెరువుల మీద కాపలా మనిషి. వాళ్ళావిడ రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తుంది.

"మా పిల్ల బాగా ఆడతందంటండీ?" అన్నాడు.

"బాగానా! మా జట్టుకు ప్రాణం మీ అమ్మాయేనండీ."

"ఆటల హాస్టల్లో సీటొస్తే తిండీ చదువూ ఆళ్ళే చూసుకుంటారంట గదండీ. వస్తే ఇంటరు చదివిస్తానండి. రాకపోతే వాళ్ళమ్మతోపాటు షెడ్డుకెళ్ళిపోద్దండి. అంతకుమించి నా వల్ల కాదు. మీరే చూడాలి బాబూ."

"ఆ పూచీ నాది" అన్నాను. ఎంత సులువుగా అన్నానో తలచుకుంటే ఇప్పుడు నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్కూళ్ళ పోటీలు తాడేపల్లిగూడెంలో జరిగాయి. హాస్టల్ సీట్లకు పిల్లల్ని ఎంచేవాళ్ళు అక్కడికే వచ్చారు. ఫైనల్లో మాకు ఎదురు ఆ ఊరి జట్టే. వాళ్ళ మాస్టారు మొదటి రకం మనిషి. మెడలో విజిల్, భుజాన తువ్వాలు, నోరు తెరిస్తే "బంతి దానికియ్యి! దానికే!" అనే కేక. 'అది' అంటే వాళ్ళ జట్టులో తాటిచెట్టంత పొడుగున్న పిల్ల. మిగతా నలుగురూ ఆ పిల్లకు దారి చేయడానికే పుట్టినట్టు ఆడేవాళ్ళు.

మ్యాచ్‌కు ముందు టీ తాగుతుంటే నా నోటి దురద ఆగలేదు. "ఏం మాస్టారూ, ఆ నలుగురినీ ఇంటి దగ్గరే వదిలేసి రాకపోయారా?" అన్నాను.

"ఆయ్, రూలు ఒప్పుకోదండీ. ఐదుగురుండాలంటారు" అని నవ్వాడాయన. తరవాత గొంతు తగ్గించి, "మీ పొట్టి పిల్ల చాలా బాగా ఆడుతుందండీ. దానిచేత నాలుగు బాస్కెట్లు ఎక్కువ వేయించండి. సెలక్షనోళ్ళు వచ్చారు" అన్నాడు.

"మా ఆట అది కాదండీ" అన్నాను, ఏదో వేదం చదివినవాడిలా.

మ్యాచ్ బ్రహ్మాండంగా సాగింది. మా ఐదుగురూ ఐదు వైపుల నుంచి వేశారు. ఇక కొద్ది క్షణాలే ఉన్నాయనగా మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. మా పిల్ల ఇద్దరిని తప్పించుకుని బాస్కెట్ కిందికి వెళ్ళిపోయింది. ఎదురుగా ఎవరూ లేరు. ఆ బంతి తనే వేయాలి, ఏ రకం ఆటలోనైనా తనే వేయాలి. అయినా ఒక్క లిప్తకాలం నా వైపు చూసింది. ఆఖరిది కూడా పాసుతోనే పడాలని నా పిచ్చి. మ్యాచ్ రోజున నోరు మూసుకుని కూర్చోవాల్సినవాణ్ణి లేచి, "ఇచ్చెయ్! కుడివైపు!" అని అరిచాను. ఇచ్చేసింది. కుడివైపు పిల్ల వేసింది. మేం గెలిచాం. నేను కోర్టులోకి దూకి చిన్నపిల్లాడిలా గంతులు వేశాను.

ఆ సాయంత్రమే పేర్ల జాబితా గోడకు అంటించారు. ఓడిపోయిన జట్టులోని పొడుగుపిల్ల పేరుంది. గెలిచిన మా జట్టులో ఒక్కరి పేరూ లేదు.

నేను ఊరుకుంటానా? సెలక్షన్ టేబులు దగ్గరకెళ్ళి నానా రభస చేశాను. అక్కడున్న పెద్దాయన ఓపిగ్గా మ్యాచ్ రాసిన కాగితం తీసి నా ముందు పెట్టాడు. అందులో రాసేవి రెండే. ఎవరు ఎన్ని పాయింట్లు వేశారు, ఎవరు ఎన్ని ఫౌళ్ళు చేశారు. మా పిల్ల పేరు పక్కన ఒక్క బాస్కెట్టూ మూడు ఫౌళ్ళూ ఉన్నాయి.

"ఆట నడిపిందంతా ఆ పిల్లేనండీ!"

"కావచ్చండీ. పొద్దుట్నుంచీ నాలుగు కోర్టుల్లో ఆడించాం. అన్నీ కళ్ళతో చూడలేం గదా. కాగితం చూసే రాసుకుంటాం. మీరే చెప్పండి, ఇందులో పాసుకు గడి ఎక్కడుందీ?"

నిజమే, లేదు. నేను ఫోన్లో చూసే ఆటలో ప్రతి పాసునూ లెక్కపెట్టి రాయడానికే మనుషులుంటారు. అక్కడ పాసు ఇచ్చినవాడికీ పేరుంటుంది, జీతముంటుంది. ఇన్నేళ్ళు కళ్ళు కాయలు కాసేలా చూశాను గానీ, మన దగ్గర దాన్ని రాసేవాడెవడన్న ఆలోచనే ఈ మట్టిబుర్రకు తట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

బయట తాడేపల్లిగూడెం మాస్టారు కనిపించాడు. దెప్పుతాడనుకున్నాను. దెప్పలేదు. "నాకు మాత్రం ఐదుగురూ ఆడితే చూడాలని ఉండదా అండీ? ఏడాదికి ఒక్క పిల్లని గట్టెక్కిస్తే చాలనుకుంటానండి" అన్నాడు. మ్యాచ్‌కు ముందు నేనన్న మాటకు ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు, తలొంచుకుని బస్సెక్కాను.

మర్నాడు ఆ పిల్ల ఊరు వెళ్ళి వాళ్ళ నాన్నకు సంగతి చెప్పాను. చెరువుగట్టు మీద నిలబెట్టి నాలుగు తిట్టినా బాగుండేది. "అలాగేనండి. మీరేం మనసులో పెట్టుకోకండి బాబూ" అన్నాడు. పరీక్షలయ్యాక ఆ పిల్ల షెడ్డులో చేరింది.

రెండేళ్ళు గడిచాయి. ఈ మధ్య ఒక పొద్దున స్పేర్ పార్టులు ఇవ్వడానికి భీమడోలు వైపు వెళ్తుంటే, గుండుగొలను దగ్గర హైవే పక్కన షెడ్డు వ్యాను కోసం నిలబడ్డ ఆడవాళ్ళలో ఆ పిల్ల కనిపించింది. పెళ్ళయిన అక్క ఇంట్లో ఉండి పనికి వెళ్తోందట. నన్ను చూడగానే చేతులు చున్నీ కిందికి లాక్కుంది. అయినా కనిపించాయి. రోజంతా ఐసులో నాని వేళ్ళ చివర్లు తెల్లగా పాలిపోయి, గోళ్ళు చీలిపోయి ఉన్నాయి.

"ఇంకా నేర్పుతున్నారా సార్? మన ఆటేనా?" అని అడిగింది.

"నేర్పుతున్నానమ్మా. కానీ ఆ ఆట మానేశాను. ఇప్పుడు బంతి ఒక్కదానికే ఇప్పిస్తున్నాను. పోయినేడు ఒక పిల్లకు సీటొచ్చింది." అని ఊరుకోకుండా, "నీకూ అప్పుడు అలాగే చేసుంటే ఇలా ఉండేది కాదు. తప్పు నాదే" అన్నాను. రెండేళ్ళుగా గొంతులో అడ్డం పడ్డ మాట అది.

ఆ పిల్ల వ్యాను వస్తుందేమోనని రోడ్డు వైపు ఒకసారి చూసింది.

"ఆ ఒక్కదాన్నీ ఎలా ఎంచుతారు సార్?"

"ఎలాగేముందమ్మా, అందరికన్నా పొడుగున్నదాన్ని..." అన్నాను.

"అయితే నేను అప్పుడూ ఆ నలుగురిలోనే ఉండేదాన్ని సార్" అంది.

నన్ను ఓదార్చడానికి అందో, ఉన్నమాట ఉన్నట్టు అందో తెలియదు. వ్యాను వచ్చింది. ఎక్కి వెళ్ళిపోయింది.