నిండుకున్న డబ్బా

మా మామది హిందూపురంలో బెల్లం మండీ. ఆయనకు చక్కెర రోగం. పొద్దస్తమానం బెల్లం దిమ్మెల మధ్య కూర్చునే మనిషి ఒక్క పలుకు నోట్లో వేసుకోకూడదు. దీనికి నవ్వనివాడు బజారులో లేడు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఎందుకంటే ఆ రోగం చాకిరీ అంతా కొత్తగా కాపురానికి వచ్చిన నా నెత్తిన పడింది. అరవైల మొదట్లో మాట ఇది.

రోజూ పొద్దున కాంపౌండరు ఇంటికొచ్చి సూది వేసి పోయేవాడు. సూది పడ్డాక తిండి ఆలస్యమైతే మనిషి చెమటలు పట్టి పడిపోతాడనీ, వెంటనే బెల్లమో చక్కెరో నోట్లో పెట్టకపోతే ప్రాణానికే ముప్పనీ, బయటికి పోతే తిండి సంచి చేతిలో ఉండాల్సిందేననీ డాక్టరు మరీ మరీ చెప్పాడు. ఎవరికి? నాకు. తక్కినవాళ్లంతా ఆయన గోడ మీది క్యాలెండరు చూస్తున్నారు.

ఆ సంచిలో ఏం పెట్టాలనేదాని మీద జరిగినంత రచ్చ నా పెళ్లి మాటల్లో కూడా జరగలేదు. బొరుగులు సంచి నిండా అవే ఉంటాయి, కడుపులో మాత్రం ఏమీ ఉండదు. చక్కిలాలు రైలు కుదుపుకు పిండి అవుతాయి. నువ్వుల ఉండలు ఎండకు కరిగి ఒకదానికొకటి అతుక్కుంటే విడదీయడానికి రాయి కావాలి. వేయించిన రాగిపిండి నిలవ ఉంటుంది గానీ, చేతులు వణికే మనిషి నీళ్లు పోసి పిండి కలుపుకుంటాడా? నెల రోజులు అవీ ఇవీ చూసి, చివరికి పుట్నాలు, వేయించిన వేరుశనగ గింజలు బిగుతు మూత ఉన్న రేకు డబ్బాలో పోశాను. బెల్లం చిన్న ముక్కలు కొట్టి, గుడ్డలో కట్టి, మూత తీయగానే చేతికి తగిలేలా పైన పెట్టాను.

మెచ్చుకోలు కూడా దక్కింది. "చక్కెర జబ్బుకు బెల్లమా? డాక్టరు అట్ల చెప్పినాడా, నువ్వు కన్నడంలో విన్నావా?" అంది అత్త, నా పుట్టిల్లు కన్నడ సీమలో అని ఎత్తిపొడుస్తూ. మామ ఇంకో అడుగు ముందుకు వేశాడు. "నేనేమన్నా అరణ్యవాసం పోతాండానా? మండీ పెట్టుకున్నోడు రైల్లో డబ్బా తెరిచి నమల్తా ఉంటే నలుగురూ ఏమనుకుంటారమ్మా?"

అదైనా సహించాను. ఆ డబ్బాను ఊరుమ్మడి చేయడం మాత్రం సహించలేకపోయాను. వాకిట్లోకి ఎవరొచ్చినా, ఉత్త చేతులతో పంపే అలవాటు అత్తకు లేదు. చేతికి అందేది ఆ డబ్బా. పెట్టే చెయ్యి ఆమెది, నింపే చెయ్యి నాది. ఒకరోజు ఆపుకోలేక అడిగేశాను. "అత్తా, అది మామ ప్రాణం. వచ్చినోళ్లకు లేదని చెప్పకూడదా?"

"కొంపలో ఆ మాట అంటే ఉన్నది గూడా పోతాది. నా నోట్లోంచి రాదు" అంది. నిజంగానే, ఎనిమిది నెలల కాపురంలో ఆమె వంటింట్లో 'లేదు' అనే మాట నేను వినలేదు.

ఒకనాడు మామ ధర్మవరం ప్రయాణం కట్టాడు. అక్కడ ఆయన కూతురి అత్తగారికి ఒంట్లో బాగాలేదు, పలకరించి రావాలి. అత్తకు మోకాళ్ల నొప్పులు కాబట్టి తోడుగా నన్ను పంపింది. సూది వేశారు. రైలుకు వేళయిందని రెండు ఇడ్లీలు మింగి మామ లేచాడు. పదకొండుకల్లా కూతురింట్లో భోజనం అనే ధైర్యం. జట్కా వాకిట్లో ఉంది. నేను గడప దగ్గరనుంచి కేక వేశాను.

"అత్తా, డబ్బా చూసినారా?"

"నిండుకునింది మే!" అని వంటింట్లోంచి జవాబు.

సంచి ఎత్తాను. బరువుగా ఉంది. నిశ్చింతగా జట్కా ఎక్కాను.

పెనుకొండ దాటిన కాసేపటికి రైలు బయల్లో ఆగింది. ఇంజను చెడిందని ఒకరు, ముందు దారి బాగాలేదని ఒకరు. ఒక గంట, రెండు గంటలు. చుట్టూ రాళ్లు, ఎండ. మామ అంగీ తడిసి ముద్దయింది. ఊరికే నా మీద విసుక్కున్నాడు. తర్వాత నన్ను కూతురి పేరుతో పిలిచాడు. సంచి విప్పాను. పైన కూతురికని అత్త పెట్టిన ఊరగాయ జాడీ. ఆ బరువంతా దానిదే. కింద డబ్బా. మూత తీస్తే, అడుగున కాస్త వేరుశనగ పొట్టు. బెల్లం కట్టిన గుడ్డ చక్కగా మడిచి పెట్టి ఉంది.

మామ పక్కకు ఒరిగిపోయాడు. ఆ గాబరాలో నా తెలుగు ఎక్కడికి పోయిందో, "బెల్ల ఇదెయా, యారాదరూ బెల్ల కొడి!" అని, బెల్లం ఇవ్వమంటూ కన్నడంలో పెట్టెంతా తిరిగి అరిచాను. కదిరి పక్కకు పోయే రైతు అవ్వ ఒకామె మూట విప్పి, బెల్లం అచ్చును బల్ల అంచుకు కొట్టి, ముక్క తీసి మామ బుగ్గలో కుక్కింది.

"చప్పరించు నాయనా, చప్పరించు. ఏం కాదులే."

నేను ఆయన తల ఒళ్లో పెట్టుకుని ఏడుస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి కళ్లు తెరిచి, "యాడున్నాం?" అన్నాడు. అవ్వ నెమ్మదిగా నన్ను అడిగింది, "యాడిదమ్మా మీది?"

"హిందూపురం. బెల్లం మండీ."

ఆమె ఒకసారి నన్ను, ఒకసారి ఖాళీ డబ్బాను చూసింది. "బెల్లం మండీనా!" అని మాత్రం అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి రాగానే అత్త మీద విరుచుకుపడ్డాను. ఆమె బిత్తరపోయింది. "నిండుకునింది అని చెప్పినా కదా మే! నువ్వు నింపుకుంటావనుకుంటి."

అప్పుడు తెలిసింది నాకు. మా పుట్టింట్లో తెలుగే గానీ గౌరిబిదనూరు అవతల చుట్టూ కన్నడమే. ఏదైనా అయిపోతే 'ఆగోయ్తు' అనేవాళ్లం, అక్కడితో సరి. ఇక్కడ బియ్యం నిండుకున్నాయి, నూనె నిండుకుంది అని అత్త అన్నప్పుడల్లా ఎంత కలిగిన ఇంట్లో పడ్డానో అని మురిసిపోయాను. అయిపోయినదాన్ని అయిపోయిందని చెప్తే నోరు పోతుందా? ఒక మంచి మాట కోసం మనిషిని పాడె ఎక్కించబోయామే! ఆ కోపంతో పది రోజులు అత్తతో సరిగా మాట్లాడలేదు. నా తెలివితక్కువ మీద కూడా అంతే కోపం. ఎత్తిన సంచిని విప్పి చూడడానికి ఏం రోగం నాకు?

నెల తిరిగాక మామ మళ్లీ ప్రయాణమయ్యాడు. ఈసారి కేక వేయలేదు, వంటింటి గుమ్మంలో నిలబడి అడిగాను. "అత్తా, డబ్బా?"

అత్త చేతులు కొంగుకు తుడుచుకుని, అరమీది డబ్బా దించి మూత తీసింది. వేపాకు నమిలినట్టు ముఖం పెట్టి, "లేదు" అంది. "ఒక్క గింజ గూడా లేదు. నింపు."

డబ్బా నా చేతిలో పెట్టి, దేవుడి గూటి ముందుకు పోయి, చప్పుడయ్యేలా లెంపలు వేసుకుంది. నేను అక్కడే నిలబడి చూశాను. అన్నాళ్లూ మోసిన కోపం ఆ పూటతో నిండుకుంది.