టేపు మనకోసం ఆగదు

నా చిన్నప్పుడు మా పక్కింట్లో ముగ్గురు మగవాళ్లు ఉంటారని చాలా రోజులు నమ్మాను. పెనుగంచిప్రోలులో మేము వేరే వీధికి ఇల్లు మారిన కొత్త. వేసవి సెలవులు. నాన్న మిరప కల్లంలో ఉండేవాడు, అమ్మకి ఇంటి పనితోనే సరిపోయేది. నాకు తోబుట్టువులు లేరు. ఆ వీధి పిల్లలు నన్నింకా ఆటలోకి పిలవలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఒక్కదాన్నే కూర్చుంటే గోడ అవతల నుంచి బుర్రకథ వినిపించేది. ఒకరు గొంతెత్తి కథ చెబుతుంటే ఒకరు ఊ కొట్టేవారు, ఇంకొకరు మధ్యలో ఏదో చమత్కారం విసిరేవారు. ఆ తరవాత తందాన తాన అని అందరి గొంతులూ కలిసేవి. ఆ ఇంట్లో ఎంత సందడిగా ఉందో అనుకునేదాన్ని.

ఒకరోజు ఉండబట్టలేక వాళ్ల తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఒక్క మనిషే ఉన్నాడు. బనీనుతో చాప మీద కూర్చున్నాడు, ఒళ్లో గుమ్మెట ఉంది. ఎదురుగా రెండు టేపురికార్డర్లు. ఒకదానిలోంచి కథ వస్తోంది, ఈయన దానికి జవాబు చెబుతున్నాడు, రెండోది ఆ రెండింటినీ కలిపి పట్టుకుంటోంది. మిగతావాళ్లేరని అడిగాను. ఆయన నవ్వి టేపు ఆపి, నన్ను కూర్చోమని చాప మీద పక్కకి జరిగాడు.

ఆయన్ని నేను పక్కింటి మావయ్య అని పిలిచేదాన్ని. ఒకప్పుడు బుర్రకథ దళంలో వంత. కథకుడు మధ్యలో నిలబడితే ఇటొకడు అటొకడు గుమ్మెట వాయిస్తూ మాట అందిస్తారే, ఆ ఇద్దరిలో నవ్వించేవాడు ఈయన. అంతకుముందు ఏడాది వాళ్ల కథకుడు జబ్బు చేసి పోయాడు. రెండో వంత వేరే దళంలో చేరిపోయాడు. ఈయన మాత్రం ఎటూ పోలేక జగ్గయ్యపేటలో ఒక మైకుసెట్ల షాపులో మరమ్మతులు చేసుకుంటూ ఉండిపోయాడు. పాతబడ్డ ఆ రెండు టేపురికార్డర్లు షాపాయన ఇచ్చినవే.

మంచం పట్టిన రోజుల్లో ఆ కథకుడు తన కథ మరుగున పడిపోకూడదని, పడుకున్నచోటి నుంచే మొత్తం ఒక క్యాసెట్లోకి చెప్పాడట. అప్పుడు పక్కన వంతలు లేరు. అయినా అలవాటు కొద్దీ వాళ్ల మాట రావలసిన చోటల్లా ఆగాడు. కాసేపు నిశ్శబ్దం, మళ్లీ కథ. ఆ ఖాళీల్లో మావయ్య ముందు తన వంతు చెప్పి రెండో మిషన్లో రికార్డు చేసేవాడు. ఆ కొత్త టేపుని మొదటి మిషన్లో పెట్టి, గొంతు మార్చి రెండో వంత మాటలూ చెప్పేవాడు. నేను అరుగు మీద విన్న ముగ్గురూ అలా తయారైన వాళ్లే. కాకపోతే ఒక టేపు నుంచి ఇంకో టేపుకి ఎక్కించినప్పుడల్లా వాన కురుస్తున్నట్టు ఒక బుసబుస పెరిగేది, కథకుడి గొంతు కొంచెం దూరం జరిగేది. అది గమనించినప్పుడల్లా ఆయన చేసినదంతా పక్కన పెట్టి, అసలు క్యాసెట్ నుంచి మళ్లీ మొదలుపెట్టేవాడు.

నేనూ చెబుతానన్నాను. సరే, ఊ కొట్టే వంత నువ్వేనన్నాడు. నాకేమో తొందర. కథకుడు వాక్యం ముగించకముందే ఊ అనేసేదాన్ని. లేకపోతే నవ్వొచ్చి ఆలస్యమైపోయేది, ఈలోపు కథ ముందుకు వెళ్లిపోయేది. నాలుగైదుసార్లు అలా అయ్యేసరికి నాకు ఉక్రోషం వచ్చింది. ఆయన్ని కాస్త ఆగమని చెప్పు మావయ్యా అన్నాను, టేపులో ఉన్న మనిషిని చూపిస్తూ.

మావయ్య గుమ్మెట కింద పెట్టి, "ఆయన ఇంక మనకోసం ఆగలేడమ్మా. టేపు మన మాట వినదు. మనమే దాని మాట వినాలి," అన్నాడు.

ఆ రోజు నన్ను ఇంక నోరు తెరవనివ్వలేదు. క్యాసెట్ మొదటి నుంచి చివరిదాకా వినమన్నాడు. కథ వినొద్దు, మనిషిని వినమన్నాడు. నాకు మొదట ఏమీ అర్థం కాలేదు. వినగా వినగా తెలిసింది, మాకు చోటు వదిలే ముందు ఆ కథకుడు మాట చివర గొంతు కొద్దిగా కిందకి దించేవాడు. మళ్లీ అందుకునే ముందు ఊపిరి గట్టిగా పీల్చేవాడు. జబ్బు మనిషి కదా, ఆ ఊపిరి పైకి వినపడేది. మర్నాడు ఆ రెండింటి మధ్య నా మాట సరిగ్గా పడింది. మావయ్య రెండో టేపు వెనక్కి తిప్పి వినిపిస్తే ఎగిరి గంతేశాను. నా గొంతు ఎప్పుడూ చూడని మనిషితో మాట్లాడుతోంది, ఆయన నాతో మాట్లాడుతున్నాడు. మావయ్య నవ్వలేదు. తలొంచుకుని వింటున్నాడు. ఆయన వింటున్నది నా గొంతూ కాదు, తన గొంతూ కాదని ఆ వయసులోనే ఎందుకో తోచింది.

ఆ వేసవంతా నేను వంతనే. తరవాతి ఏడాది ఆయన ఖమ్మం వైపు ఏదో పని దొరికిందని వెళ్లిపోయాడు. మళ్లీ ఎప్పుడూ కనపడలేదు.

పెద్దయ్యాక నందిగామలో టీచరుగా చేశాను. పెళ్లై జగ్గయ్యపేటలో కాపురం పెట్టాం, మావారికి సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం. ఆయన సరదాకి డోలక్ వాయించేవారు. నేను హార్మోనియం ముందు కూర్చుని మా అమ్మ నేర్పిన మంగళహారతులు పాడితే పక్కన చేరేవారు. ఆయనకి ఒకటే జబ్బు, సంతోషం వస్తే దరువు పరిగెత్తేది. రెండో చరణానికల్లా నేను రొప్పుతూ ఉండేదాన్ని. పాట అయ్యాక దెబ్బలాడుకునేవాళ్లం. పోయినేడు ఆయన పోయారు. మాకు పిల్లల్లేరు. సాయంత్రం పూట హార్మోనియం తెరిస్తే నా గొంతు గోడకి తగిలి నాకే తిరిగి వచ్చేది. మూసేసేదాన్ని.

నా ఫోనులో ఆయన ఒక్కరే డోలక్ వాయించిన వీడియో ఒకటి ఉంది. వేదాద్రిలో భజనకి వెళ్లే ముందు, నాకు గొంతు పట్టేసి పాడలేకపోతే, సాధన చేసుకుంటానని తనే నన్ను వీడియో తియ్యమన్నారు. మా అమ్మ హారతి తన మనసులో అనుకుంటూ మొత్తం వాయించారు. దాని మీద నేను పాడితే, హార్మోనియం కలిపితే ఎలా ఉంటుందా అన్న ఆలోచన వచ్చింది.

నందిగామలో పెళ్లి వీడియోలు చేసే స్టూడియోకి వెళ్లాను. స్టూడియో ఆయన మర్యాదగానే మాట్లాడాడు కానీ, ఈ డోలక్ ఎందుకండీ, కీబోర్డులో చక్కటి బీటు వేసిస్తానన్నాడు. కంప్యూటర్ షాపులో అడిగితే సినిమా వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇస్తానన్నారు. అంతకాలం పిల్లలకి చూసి రాయొద్దని చెప్పినదాన్ని, వద్దని వచ్చేశాను. స్కూల్లో ఆన్‌లైన్ పాఠాల కోసం కొన్న లాప్‌టాప్ ఇంట్లో ఉంది. దాని ముందు కూర్చుని నేనే వెతుక్కోవడం మొదలుపెట్టాను.

ఉచితం అని రాసి ఉన్నవన్నీ ఉచితం కావని త్వరలోనే తెలిసింది. ఒకటి డౌన్‌లోడ్ అవకముందే కార్డు నంబరు అడిగింది. ఒకటి అన్నీ చేయనిచ్చి, దాచుకోబోతే కొంటేనే దాచుకోనిస్తానంది. ఫోనులో దొరికినదానిలో హారతి మధ్యలో ప్రకటన వచ్చి పడేది. చవగ్గా ఒక మంచిదీ దొరికింది, అది నా పాత లాప్‌టాప్ మీద తెరుచుకోలేదు. చివరికి ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేసిన సాఫ్ట్‌వేర్ ఒకటి దొరికింది. చూడ్డానికి ఏమంత సొగసుగా ఉండదు. రూళ్ల కాపీ పుస్తకంలో గీతల్లాగా ఒకదాని కింద ఒకటి ట్రాకులు. ఒక గీత మీద డోలక్, ఒకదాని మీద హార్మోనియం, ఒకదాని మీద గొంతు. దేని దారి దానిది. ఎన్ని కలిపినా మొదటి గొంతు దూరం జరగదు. మావయ్య గుర్తొచ్చి ఆ రోజు ఇంకేం చెయ్యలేకపోయాను.

డోలక్‌ని మొదటి ట్రాకులో పెట్టి, వైరు లేని ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని పాడాను. విని చూస్తే నా గొంతు ప్రతి దరువుకీ వెనకబడి ఉంది. మళ్లీ పాడాను, మళ్లీ అంతే. వయసుతోపాటు తాళం కూడా పోయిందనుకుని, లాప్‌టాప్ మూసి ఏడ్చాను. కొన్నాళ్లు దాని జోలికి పోలేదు. తరవాత వెతికితే ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రాసిన జవాబు కనపడింది. వైరు లేని ఇయర్‌ఫోన్స్‌లో శబ్దం చెవికి ఆలస్యంగా చేరుతుంది, వైరు ఉన్నవి పెట్టుకోండి అని. బజారుకెళ్లి తెచ్చుకున్నాను. గొంతు దాని చోటుకి వచ్చింది. నా తాళం నా దగ్గరే ఉంది.

ఇంక మిగిలింది ఆయన పరుగు. సాఫ్ట్‌వేర్‌లో టక్ టక్ మని తాళం కొట్టే గడియారం లాంటిది ఉంటుంది. ఆయన డోలక్ దానితో ఎక్కడా కలవలేదు. దరువుల్ని సాగదీసి సరిచేసే వీలు కూడా ఉంది. ఒకసారి చేసి చూశాను. అంతా సమంగా వచ్చింది. అందులో ఆయన లేరు. వెంటనే వెనక్కి తిప్పేశాను, ఆ టక్ టక్ కూడా ఆపేశాను.

తరవాత కొన్ని సాయంత్రాలు పాడలేదు. విన్నాను అంతే. పరుగందుకునే ముందు ఆయన ఎడమచెయ్యి దెబ్బ కొంచెం బరువుగా పడుతుంది. ఇన్నేళ్లు పక్కన కూర్చుని దెబ్బలాడాను కానీ అది ఎప్పుడూ నా చెవిన పడలేదు. ఆ దెబ్బ పట్టుకుని పాడితే రెండో చరణంలో ఆయనతోపాటు నేనూ పరిగెత్తాను. రొప్పు రాలేదు. హార్మోనియం ఇంకో రోజు కలిపాను. చిడతలు ఇంకో రోజు.

వీడియో చివర డోలక్ ఆగాక ఆయన మాట ఒకటి ఉంది. "ఈసారి పరిగెత్తలేదు కదా?" అంటారు. అక్కడితో ఆగిపోతుంది. ఆ మాట కోసేయడం ఎంతసేపో పట్టదు. నేను కొయ్యలేదు. దానికి నా జవాబు ఏ ట్రాకులోనూ పెట్టలేదు.

ఇప్పుడు రోజూ సాయంత్రం ఏదో ఒకటి పాడుకుంటున్నాను. నోరు తెరిచే ముందు ఆయన డోలక్ ఒకసారి మొత్తం వింటాను. పాటలోనే కాదు, కూరగాయలామెతో మాట్లాడినా, ఊరి నుంచి ఎవరైనా ఫోన్ చేసినా, అవతలి మనిషి ఎక్కడ ఆగుతున్నారో తెలిసేదాకా నా మాట ఆపుకుంటాను. ఒంటరితనం దానివల్ల తగ్గిందని చెప్పలేను. కానీ ఇంట్లో నేను వినడానికి ఒకరున్నారు.