“ఇంగోతూరి” అనే మా అయ్యవారు

మా నాటకం అయ్యవారు పోయారు. సోమవారం పొద్దున నేను గాజుల అంగడి షట్టరు ఎత్తుతుంటే, ఎదురుగా ఇనుప సామాన్ల అంగడాయన తన షట్టరు దించుతున్నాడు. మా నాటకంలో దుర్యోధనుడు ఆయనే. “ఏమన్నా, అప్పుడే మూస్తాండావు?” అన్నాను. “అయ్యవారు నిద్రలోనే పోయినాడంటమ్మా” అని మెట్ల మీద కూలబడ్డాడు.

మధ్యాహ్నానికల్లా డివైడరు మీద ఫ్లెక్సీ లేచింది. అందులో ఆయన ఫొటో అరచేయంత. ఏనాడూ మా నాటకం మొహం చూడని పెద్దమనుషుల ఫొటోలు మాత్రం తలుపులంత. నాకు ఒళ్లు మండింది.

మెయిన్ రోడ్డు వెడల్పు చేయకముందు, పొద్దున్నే ఆయన గొడుగు చంకన పెట్టుకుని బస్టాండు కొసన నిలబడి రాగం అందుకునేవారు. బియ్యం అంగట్లోంచి ధర్మరాజు, సైకిల్ షాపులోంచి కృష్ణుడు, ఇనుప సామాన్ల మధ్య నుంచి దుర్యోధనుడు, ఒకరి తర్వాత ఒకరు తమ పద్యం ఎత్తుకోవాలి. తక్కెడ చేతిలో ఉన్నా సరే. కొనడానికి వచ్చినవాళ్లు పద్యం అయ్యేదాకా ధర అడిగేవాళ్లు కాదు. ఏటా తిరునాళ్లకు ఆ రోడ్డుకు అడ్డంగానే స్టేజీ కట్టి ఆడేవాళ్లు.

ద్రౌపదిని మాత్రం కర్నూలు నుంచి పిలిపించేవారు. ఆమె వయసు మీదపడి మానుకున్నాక అయ్యవారు నేరుగా మా అంగడికొచ్చి, నేర్చుకోమన్నారు. మా అత్త మూతి ముడిచింది. ఆయన నవ్వి, “ఏమమ్మా, నీ కోడలు దినామూ అంగట్లో గొంతు చించుకుంటే లేని తప్పు, రాగం తీస్తే వచ్చెనా?” అన్నారు. ఆ మాటకు మా అత్తకే నవ్వొచ్చింది.

అప్పటి నుంచి ఆయన గొడుగు మా గాజుల స్టాండుకే వేలాడేది. సాసర్లో టీ ఊదుకుంటూ వినేవారు. ఒక్కసారి కూడా బాగుందనలేదు. మళ్లీ పాడమని “ఇంగోతూరి” అనేవారు, అంతే. ఉండబట్టలేక అడిగితే, “బాగుంటే జనం చెప్తారులేమ్మా. స్టేజీ ఎక్కేదాకా నువ్వు వీధిలో పాడగూడదు. ఇంగోతూరి ఎత్తుకో” అన్నారు.

అంతలో రోడ్డు పని మొదలైంది. బియ్యం అంగడి కొట్టేస్తే ధర్మరాజు బైపాసుకు మారాడు. సైకిల్ షాపు పోయి, కృష్ణుడు బళ్లారి చేరాడు. నాటకం నిలిచిపోయింది. అయ్యవారు ఊరుకోలేదు. ఫోన్లు చేసి, ఇళ్లకు తిరిగి, అలిగి, బతిమాలి ఈ ఏటికి అందరినీ ఒప్పించారు. తీరా చూస్తే పోలీసులు రోడ్డు మీద స్టేజీకి పర్మిషన్ లేదన్నారు, కల్యాణ మండపంలో ఆడుకోమన్నారు. ఆ సాయంత్రం మా అంగట్లో కూర్చుని, “టిక్కెట్టు కొన్నోనికి కాదమ్మా మన నాటకం, దోవన పోయేటోనికి. యాడికైనా పోయి అడుగుతా. నిన్ను స్టేజీ ఎక్కిచ్చేదాకా నేను యాడికీ పోను” అన్నారు. ఆయన అన్న మాట తప్పడం నేను చూసింది ఇదొక్కసారే.

పాడె బస్టాండు కొసకు రాగానే దుర్యోధనుడు డప్పులు ఆపమని, అయ్యవారి బదులు తాను రాగం అందుకున్నాడు. ఒకప్పుడు బియ్యం అంగడి ఉన్న చోట, పాడెకు భుజమిచ్చిన ధర్మరాజు ఏడుస్తూనే తన పద్యం చెప్పాడు. సైకిల్ షాపు ఉన్న చోట ఎవరూ లేరు. అయినా పాడె కాసేపు ఆగింది. వెనక బండ్లు హారన్లు కొట్టాయి.

తర్వాత నా అంగడి ముందు ఆగింది. నేను మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాను. స్టేజీ ఎక్కకుండానే వీధిలో పాడాను. చివరి రాగం దగ్గర గొంతు జారింది. అలవాటుకొద్దీ ఆయన వైపు చూశాను.

భుజాలు మార్చుకుని పాడె ఎత్తారు. నేను మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. ఈసారి గొంతు జారలేదు. అప్పటికి వాళ్లు మలుపు తిరిగిపోయారు.