మా ఇంటామె వేసిన చుక్కలు

తిరుపతిలో కండ్లకలక వచ్చినవాడి ముఖం ఎవరూ చూడరు. చూస్తే తమకూ అంటుకుంటుందని నమ్మకం. డిగ్రీలో జీవశాస్త్రం చదివిన మా మేనేజరు కూడా గోడతో మాట్లాడినట్టు మాట్లాడి, నాకు సెలవిచ్చి పంపాడు. అంతకు ముందు వారమే కొండ మీద గుండు కొట్టించుకున్నాను. దానికి నల్లద్దాలు తోడయ్యేసరికి, బస్సులో నా పక్క సీటు మా ఇంట్లో రెండో కుర్చీలాగే ఖాళీగా ఉండిపోయింది.

వీధి చివర మందుల షాపులో ఫార్మసిస్టు నడివయసు ఆవిడ. అద్దాలు తీయమంది. నొప్పి ఉందా, చూపు మసకబారిందా, వెలుతురు చూడలేకపోతున్నానా అని అడిగింది. అవేమీ లేవన్నాను. గ్లౌజులు తొడుక్కుని, కింది రెప్ప లాగి, నా కళ్లలోకి సూటిగా చూసింది. రెండు రోజుల్లో ఆ పని చేసిన మొదటి మనిషి. చుక్కల మందిచ్చి, "ఏసేదానికి ఇంట్లో ఎవురన్నా ఉండారా సార్?" అంది.

"మా ఇంటామె ఉండాది," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. ఉద్యోగ దరఖాస్తుల్లో కూడా నేనంత త్వరగా అబద్ధమాడలేదు.

ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి చుక్క వదిలితే, అది పడేలోపే రెప్ప మూసుకునేది. చెంప మీద పడింది, చెవిలో పడింది, గుండు మీద కూడా పడింది. మూడో రోజుకు సీసా ఖాళీ. కళ్లు మాత్రం ఎర్రగా అలాగే ఉన్నాయి. మళ్లీ వెళ్లాను.

ఆవిడ సీసాను వెలుతురుకు పట్టి చూసింది. "వారం రావల్ల సార్ ఇది. ఆయమ్మకు గురి కుదర్లేదా?"

"కొత్త కదా," అన్నాను.

నవ్వలేదు. బల్ల మీద పడుకుని కళ్లు మూసుకోమంది. ముక్కు పక్కన, కంటి మూలలో చుక్క వేసి, ఇప్పుడు తెరవమంది. చుక్క దానంతటదే లోపలికి జారింది.

"ఇట్లయితే మీరే ఏసుకోవచ్చు. ఆయమ్మ ఊరికి పోయినప్పుడు పనికొస్తాది."

రేపటికీ తగ్గుముఖం పట్టకపోతే కంటి డాక్టరు దగ్గరికి పోవాల్సిందేనని గట్టిగా చెప్పి, కొత్త సీసా చేతిలో పెట్టింది.

పోవాల్సిన అవసరం రాలేదు. తగ్గిందని ఆవిడకు చెప్పి రావాల్సిన అవసరమూ లేదు, అయినా పోయాను. అద్దాల్లేని నా ముఖాన్ని కాసేపు చూసి, "ఆయమ్మకు అంటుకోలేదు కదా?" అని అడిగింది.

"లేదు," అన్నాను. "దూరంగానే ఉంటాది."